పొగలో ఆరబెట్టిన ముక్క

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

రవిబాబు గుమ్మంలోనే నిలబడి అరిచాడు. ఒళ్లంతా తడిసి ముద్దయిపోయాడు. విశాఖపట్నం నుంచి బస్సులో వచ్చి, వానలో కొండెక్కి వచ్చిన మనిషి కాళ్లు కడుక్కోలేదు, మంచినీళ్లు అడగలేదు. చేతిలో ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాని ముందుకి చాపి పట్టుకున్నాడు.

ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురున్నారు. తల్లి దేముడమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తండ్రి బుధు గోడకి చేరబడి వెదురు బద్దలు చీరుతున్నాడు. భార్య రాజకుమారి, నిద్రపోతున్న నాలుగేళ్ల కూతురు చిట్టి మీద దుప్పటి సర్దుతోంది.

"ఏటయిందిరా?" అన్నాడు బుధు.

"ఏటయిందా? అమ్మ నోట్లోంచి కోసిన ముక్క అట్టుకెల్లినానా? పరీచ్చ సెయ్యం పో అని తిప్పి పంపీసినారు. అదీ అయింది."

దుప్పటి మీద రాజకుమారి చెయ్యి ఆగిపోయింది.

ఇంత దూరం వచ్చాక ఇలా అవుతుందని ఎవరనుకుంటారు చెప్పండి! ఊళ్లోకి నర్సమ్మ వచ్చి ఆడవాళ్ల నోళ్లు తెరిపించి చూడటం, దేముడమ్మ అంగిట్లో తెల్లమచ్చ బయటపడటం, కొండల మధ్య లోయలో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు సూదిమందు వేసి కందిగింజంత ముక్క కోసి మందునీళ్ల సీసాలో వెయ్యడం, అన్నీ అయ్యాయి. కానీ ఆ ముక్కని చూసి అది కేన్సరో కాదో చెప్పే పరీక్ష కొండ మీద లేదు. కిందికి, విశాఖపట్నం పంపాలి. ఆస్పత్రి బండి ఎప్పుడు వెళ్తుందో తెలియదు గనక, మీరే తీసుకెళ్తే బేగి తెలుస్తుందని డాక్టరు సీసాని రవిబాబు చేతికిచ్చాడు.

"సరిగ్గా సెప్పు. ఎందుకు పంపీసినారు?" బుధు కత్తి పక్కన పెట్టాడు.

"అక్కడ పరీచ్చ సేసే ఆయన మూత తీసి ముక్కుకాడ ఎట్టుకున్నాడు. ఇదేటి బాబూ, ఉప్పుసేప వాసనొస్తంది అన్నాడు. లైన్లో నిలబడ్డోళ్లందరూ నవ్వినారు. నాకు అర్థమవలేదు. మళ్లీ సూసినాడు. దీనికెవరో ఉప్పు రాసినారు, పసుపు రాసినారు, ఎండబెట్టినారు, ఇదింక ఏ పరీచ్చకీ పనికిరాదు అట్టుకుపో అన్నాడు." రవిబాబు ముఖం మీది వాననీళ్లు తుడుచుకున్నాడు. "అంతమందిలో, అయ్యా! అంతమందిలో నాను ఎర్రోడిలాగ నిలబడిపోనాను."

అతని చూపు భార్య మీదికి తిరిగింది.

"నీకే కదే అప్పగించినాను? లైను మీద రాళ్లు పడి రైలు ఆగిపోతే టైడా టేషన్ నుంచి ఎనక్కొచ్చి నీ సేతికే ఇచ్చినాను. జీపు తోలుకుని కిరాయికి పోయి ఘాట్‌రోడ్డు అవతల సిక్కడిపోతే, పోనీలే, ఇంటికాడ రాజీ ఉంది, అది సూసుకుంటాది అనుకున్నాను. ఇదేనా సూసుకోడం?"

"నాను ముట్టుకోలేదు."

"మరి దెయ్యమొచ్చి ఉప్పు రాసిందా?"

 అతను లేని ఆ రోజుల్లో పొయ్యి మీద వేలాడే వెదురుతట్టకి ఒక అడ్డాకు పొట్లం కట్టి ఉండటం రాజకుమారి చూసింది. అత్త ఎండుచేప దాచిందనుకుంది. ఇప్పుడు అంతా అర్థమైంది. అయినా అత్త వంక చూడలేదు.

"సీసా నానే సరిగ్గా ఎట్టలేదు. తప్పు నాదే" అంది.

"తప్పు నీదని సెప్తే సరిపోతాదేటి?" రవిబాబు గుమ్మం పక్కనున్న బుట్టని కాలితో తన్నాడు. చిట్టి నిద్రలో ఉలిక్కిపడింది.

"దాన్నెందుకంటావు?" అంది దేముడమ్మ. "నానే సేసినాను."

అంగిట్లో ముక్క కోసినప్పటి నుంచీ ఆమె నోరు పూర్తిగా కదపకుండా మాట్లాడుతోంది. మాట మందంగా వస్తుంది. రవిబాబు ముందు సరిగ్గా వినలేదనుకున్నాడు.

"నువ్వా?"

"నానే. ఆ సీసా మూత సరిగ్గా లేదు. మందునీళ్లు కారిపోనాయి. సుట్టిన గుడ్డంతా తడిసిపోనాది. ఆ గాటుకి నా కళ్లు మండిపోనాయి. సూస్తే లోపల ముక్క ఒట్టిగా అంటుకొనుంది. నువ్వేటన్నావు ఎల్లేటప్పుడు? ఆ నీళ్లలో ఉంటేనే సెడిపోదన్నావు. నీళ్లు పోనాయి. నువ్వు లేవు, రైలు లేదు. రాజీ సేలోకెల్లింది. కుళ్లిపోతాదని ఉప్పూ పసుపూ రాసి, ఆకులో సుట్టి, పొయ్యి మీద పొగకి కట్టినాను. నువ్వొచ్చినావని తెలిసినాక గెడ్డలో పారే నీళ్లు తెచ్చి సీసాలో పోసి, మళ్లీ అందులో ఏసినాను."

"మరి నాతో సెప్పలేదేటి?"

"సెప్పడానికేటుంది? మాంసమే కదా. వానాకాలంలో మాంసం ఎలగ నిలవెట్టాలో నాకు తెల్దా? కుళ్లలేదు, పురుగు పట్టలేదు. సక్కగా ఆరింది."

ఆ చివరి మాట కాస్త గర్వంగానే అంది. రవిబాబు గుమ్మం మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో అతనికే తెలియడం లేదు.

నిజం చెప్పొద్దూ, ఆమె చేసిన పాపమేముంది? బుధు అడవి నుంచి తెచ్చిన మాంసం గానీ, సంతలో కొన్న చేప గానీ ఆమె చేతిలో ఎన్నడూ పాడవలేదు. ఊళ్లో ఆడవాళ్లు ఆమె దగ్గరికొచ్చి అడిగి నేర్చుకుంటారు. తన ఒంట్లోంచి తీసిన ముక్కని కూడా అంతే జాగ్రత్తగా చూసుకుంది. ఆ మందునీళ్ల పని ఉప్పు చెయ్యలేదని ఆమెకి చెప్పినవాడెవడు? సీసా ఇచ్చినవాళ్లు రైలు దొరుకుతుందనుకున్నారు గానీ, దొరక్కపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు.

 పెంకుల మీద వాన పెద్దదైంది.

"సరే, అయిందేదో అయింది" అన్నాడు రవిబాబు. కోపం దిగి అతని గొంతు నీరసపడిపోయింది. "వొచ్చేదారిలో ముక్క కోసిన డాక్టరుతో మాటాడినాను. పాపం మంచోడు. ఈ సాయంత్రం బస్సుకి ఆయన సెలవు మీద కిందికెల్పోవాలి. కానీ మీ అమ్మ వస్తానంటే రాత్రికి ఆగిపోతాను, పొద్దున్నే ఇంకో ముక్క తీసి నా సేత్తోనే అట్టుకెల్లి ఇస్తాను అన్నాడు. ఈసారి సీసా మన సేతికే రాదు. బస్సు టైముకి ముందే ఫోన్ సెయ్యమన్నాడు. వస్తన్నావని సెప్పీనా?"

"రాను."

"అమ్మా!"

"రానురా. కోసినప్పుడు నువ్వు తలుపు బయటున్నావు. నాను లోపలున్నాను. గంజి మింగితే నిప్పు మింగినట్టుండేది. నీళ్లు తాగాలన్నా ఏడుపొచ్చేది. ఒక ముక్కిచ్చినాను. పాడు సేసుకున్నాను, ఒప్పుకుంటాను. ఇంకో ముక్క మాత్రం ఇవ్వను."

"ఆయన మళ్లీ ఎప్పుడొస్తాడో తెల్దమ్మా. ఇంకొకాయన్ని ఏస్తారో ఎయ్యరో కూడా తెల్దు."

"రాకపోతే పోనీ."

"వొద్దంటంది కదా, వొదిలీరా" అన్నాడు బుధు.

రవిబాబు గిర్రున తండ్రి వైపు తిరిగాడు. "నువ్వూ అదే అంటావా? నీకు పెళ్లాం అక్కర్లేదేటి?"

"నాకక్కర్లేదా?" ముసలాయన ముఖం కందిపోయింది. "తెలిసి ఏటి సేస్తావురా? మనూళ్లో ఆ సోంబరు పెళ్లానికి తెలవలేదా? కేన్సరని కాయితం ఇచ్చినారు. కాయితమొచ్చిన నెలకే సచ్చిపోనాది. ఆ నెల్లాళ్లూ అది నిద్దరపోలేదు, ఒకళ్లని నిద్దర పోనివ్వలేదు. తెలవకపోతే ఆ నెలయినా సుకంగా ఉండేది కదా?"

"ఆమెకి ఆలీసంగా తెలిసిందయ్యా! నోట్లోంచి సీమూ నెత్తురూ వచ్చినాక ఎల్లినారు. బుగ్గకి కన్నం పడిపోనాక ఎల్లినారు. అమ్మకింకా మచ్చే. మచ్చగా ఉన్నప్పుడే తెలిస్తే కోసి తీసీస్తారంట. బతుకుతాదంట. అందుకే కదా నాను ఇన్నిసార్లు తిరుగుతున్నాను! సరదాకా?"

"మచ్చ అందరికీ ఉంటాది. అడ్డపొగ తాగినోళ్లందరికీ ఉంటాది."

"అదే కదా నాను మొత్తుకుంటన్నది! నిప్పు లోపలెట్టుకుని తాగితే మచ్చ రాక మల్లెపువ్వొస్తాదా?"

ఈ అడ్డపొగ సంగతి తెలియని పాఠకులుంటే వాళ్లకొక మాట. చుట్టని అందరిలా కాకుండా నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఇటువైపు ఆడవాళ్లకి అది తరతరాల అలవాటు. వానకి ఆరిపోదు, గాలికి కొట్టుకుపోదు, నాట్లు వేసే చేతులకి పని తగలదు. పొద్దంతా బురదలో వంగి పనిచేసే మనిషికి ఆ వెచ్చదనం ఒక్కటే సుఖం. దాని బాకీ అంగిలి తీర్చాలి.

"మానీసినాను కదరా" అంది దేముడమ్మ. "కోసిన కాణ్నుంచి ముట్టలేదు. ఇంకేటి కావాలి నీకు?"

"రేపు రావాలి. అదొక్కటే."

"రాను. ఇది నా నోరు. నాకిష్టం లేదు."

రవిబాబు లేచాడు. తల్లిని చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు అతనికి మలేరియా వస్తే ఎత్తుకుని గెడ్డలు దాటి, దారి పొడవునా అతనితో మాట్లాడుతూ ఆస్పత్రికి మోసుకెళ్లింది ఈ తల్లే. ఇప్పుడు ఆమెని ఎత్తుకుపోదామన్నా కుదిరే పని కాదు.

"నీ ఇష్టం" అన్నాడు. "ఆయన్ని కాచుకుని కూర్చోబెట్టడం అన్యాయం. పైకెల్లి ఫోన్ సేసి రావట్లేదని సెప్పీస్తాను."

ఊళ్లో ఫోన్ పలకదు. పైన మలుపులో, రోడ్డు పక్క పెద్ద రాయి దగ్గర నిలబడితేనే సిగ్నల్ దొరుకుతుంది. రవిబాబు మళ్లీ వానలోకి వెళ్లిపోయాడు. అతని వెనకే బుధు కూడా ఆవుల్ని కట్టే వంకతో గొణుక్కుంటూ బయటికి నడిచాడు.

అత్తా కోడళ్లు మిగిలారు.

దేముడమ్మ పొయ్యిలో కర్ర ఎగదోసింది. రాజకుమారి చిట్టి పక్కన నుంచి లేచి వచ్చి అత్త ముందు కూర్చుంది.

"ఎల్లు అత్తా."

"నువ్వూ మొదలెట్టినావా?"

"ఎల్లు. నీ కాళ్లట్టుకుంటాను."

నిజంగానే పట్టుకుంది. దేముడమ్మ నివ్వెరపోయింది. ఈ పిల్ల అలా కాళ్లమీద పడే రకం కాదు. పెళ్లై వచ్చిన కొత్తలో జొరంతో కూడా నడుం వాల్చకుండా పని చేసింది గానీ, ఒక్కరి ముందూ కంట తడి పెట్టలేదు.

"ఏటే గుంటా, నాను సచ్చిపోతానని బెంగా?" అంది దేముడమ్మ, కోడల్ని నవ్వించాలని. "నాను పోతే ఈ పొయ్యి నీదే కదే. నీకు నచ్చినట్టు ఒండుకోవచ్చు. కూరలో ఉప్పెక్కువయిందనీ సెప్పేవాళ్లుండరు."

రాజకుమారి నవ్వలేదు. అత్త కాళ్లు వదల్లేదు.

"నీ పరీచ్చ కోసం నాను సూస్తన్నాను అత్తా. నీది తెలిస్తే నాదీ తెలిసిపోతాదనుకున్నాను."

"నీదేటి?"

రాజకుమారి ముఖం అత్త మోకాళ్లకి ఆనించుకుంది. పొయ్యిలో తడి కర్ర చిటపటమంది. దేముడమ్మ కోడలి గడ్డం కింద చెయ్యి పెట్టి ముఖం పైకెత్తింది.

"నీదేటే?"

"నాకూ ఉంది."

"ఏటుంది?"

"మచ్చ." రాజకుమారి మాటలు ఒక్కసారిగా గట్టు తెంచుకున్నాయి. "ఆ నర్సమ్మ వొచ్చినప్పుడు ముప్పై దాటినోళ్లవే సూసింది. నాకింకా ముప్పై రాలేదు కదా. నన్ను టార్చిలైటు అట్టుకోమంది. నీ నోట్లో మచ్చ సూపించి, ఇలగుంటే మంచిది కాదు అని సెప్పినప్పుడు లైటు నా సేతిలోనే ఉంది అత్తా. అప్పుడు తెలిసింది నాకు. నా నాలిక్కి ఎన్నాళ్లనుంచో గరుగ్గా తగుల్తంది. కారం తింటే మండుతంది. అప్పుడే అడుగుదామనుకున్నాను. గుమ్మంలో మీ అబ్బాయి ఉన్నాడు."

"వాడికి తెల్దా?"

"సుట్ట మానీసినానని చిట్టి మీద ఒట్టేసినాను. మానలేదు. సేలో తాగుతాను, వానలో. నిప్పు లోపలుంటే దూరం నుంచి కనబడదు కదా."

 దేముడమ్మ అడగలేక అడగలేక అడిగింది. "నా కాడ సూసి నేర్సుకున్నావా?"

"కాదత్తా. మా అమ్మ కాడే నేర్సుకున్నాను. నువ్వేటి సేత్తావు?"

"ఇన్నాళ్లూ సెప్పకపోతే ఎలాగే, పిచ్చిదానా!"

"నీకేటీ కాదని వస్తే, నాకూ ఏటీ కాదని ఊరుకుందామనుకున్నాను. అవునని వస్తే, అప్పుడు ఆయనకి సెప్దామనుకున్నాను. ఒక్క మనిషిని తిప్పడానికే ఆయన పని ఇంతయింది. ఇద్దరమంటే ఎక్కడ తిప్పుతాడు? నీ ముక్క ఒక్కటి సూస్తే ఇద్దరికీ సరిపోతాదనుకున్నాను అత్తా."

ఎంత అమాయకపు లెక్క! కానీ ఈ పిల్లకి అంతకన్నా దారేముంది చెప్పండి?

"ఫోనులో లైటు ఎయ్యి" అంది దేముడమ్మ. "నోరు తెరు."

రాజకుమారి లైటు వేసి ఫోన్ అత్త చేతికిచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

దేముడమ్మ తన మచ్చని తాను ఎన్నడూ చూడలేదు. అంగిట్లో ఉన్నది ఎవరికి వాళ్లకి కనపడదు కదా. నాలుకతో తడుముకోవడమే తెలుసు. నర్సమ్మ చెప్పినా, డాక్టరు చెప్పినా ఏదో చిన్న పొక్కే అనుకుంది. ఇప్పుడు కోడలి నోట్లో మొదటిసారి చూసింది. అంగిలి సగం తెల్లగా, పెచ్చు లేచిన సున్నపు గోడలా ఉంది. అక్కడక్కడ ఎర్రటి చుక్కలు. ఒక అంచున చిన్న పుండు.

ఆమె లైటు పక్కకి దించింది. ఇదేనా నాకున్నది? ఇంత ఉందా? ఈ పిల్లకి కూడా అప్పుడే ఇంత వచ్చేసిందా? అటు చూస్తే చాపమీద చిట్టి ఒక చెయ్యి బుగ్గకింద పెట్టుకుని నిద్రపోతోంది.

"నొప్పుందా?"

"అప్పుడప్పుడు."

"నెత్తురొస్తందా?"

రాజకుమారి తల దించుకుంది. దేముడమ్మకి ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

"రవి ఎల్లి ఎంతసేపయింది?" అంది హఠాత్తుగా.

రాజకుమారి తలెత్తింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ డాక్టరు ఆగాలి. ఆయన ఆగితేనే రేపు కోసేవాడుంటాడు, ముక్కని కిందికి తీసుకెళ్లేవాడుంటాడు.

"నానెల్తాను అత్తా, నువ్వుండు!"

కానీ దేముడమ్మ అప్పటికే లేచింది. గొడుగు తీసుకోలేదు, చెప్పులు తొడుక్కోలేదు. "రవీ! ఒరే రవీ!" అని కేకేస్తూ వానలోకి పడింది. ఆ కేకకి అంగిట్లో పుండు పచ్చిగా మండింది. అయినా ఆపలేదు. పశువుల పాకలోంచి బుధు తొంగిచూసి, "ఏటే, ఏటయింది?" అని అరిచాడు. "పిల్లకాడుండు!" అని అతనికి చెప్పి ఆమె ముందుకి పోయింది.

దారంతా ఎర్ర బురద. కాఫీ తోట పక్కనుంచి పైకెక్కాలి. ఒకచోట జారి మోకాలి మీద పడింది. సిల్వర్ ఓక్ చెట్టు పట్టుకుని లేచింది. "సెప్పొద్దురా, సెప్పొద్దు" అని తనలో తాను అనుకుంటూ ఎక్కింది. వెనక రాజకుమారి పరిగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది.

మలుపు ఇంకా కొంచెం దూరం ఉండగానే రవిబాబు ఎదురొచ్చాడు. ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి జేబులో పెట్టుకుంటూ దిగుతున్నాడు.

"సెప్పొద్దు!" అంది దేముడమ్మ, ఊపిరందక.

"ఏటి సెప్పొద్దు?"

"రానని సెప్పొద్దు. వస్తాను. రేపే వస్తాను. ఆయన్ని ఆగమను."

రవిబాబు తల్లిని పై నుంచి కింది దాకా చూశాడు. బురదకొట్టుకున్న చీర, చెప్పుల్లేని కాళ్లు.

"సెప్పీసినానమ్మా" అన్నాడు. "అప్పటికే బస్టాండులో ఉన్నాడంట. నా మాట కోసమే ఆగినాడు. నాను రాదన్నాక, సరే బాబూ అని బస్సెక్కీసినాడు."

"మళ్లీ సెయ్యి! దిగమను!"

"సేసినాను. ఎందుకో మనసొప్పక మళ్లీ సేసినాను. బస్సు ఘాట్‌రోడ్డులోకి దిగిపోనట్టుంది, ఆయన ఫోన్ మోగలేదు."

దేముడమ్మ దారి పక్కన గట్టు మీద కూలబడింది. రవిబాబుకి జాలేసింది, అంతలోనే ఒళ్లు మండింది.

"ఇందాకంతా నీ కాళ్లా వేళ్లా పడ్డాను కదా! రానంటే రానన్నావు. ఇప్పుడేటి ఇంతలో నోటి మీద అంత బెంగ పుట్టుకొచ్చింది?"

"నా నోటి కోసం కాదురా."

"మరెవరి కోసం?"

దేముడమ్మ వెనక్కి చూసింది. రాజకుమారి వచ్చి నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయి ఉంది. తడిసిన కొంగుని రెండు చేతులతో నోటికి అదిమి పట్టుకుంది.

రవిబాబు భార్య దగ్గరికి నడిచాడు. "ఏటే?" అన్నాడు నెమ్మదిగా. "రాజీ, ఏటయింది? ఆ కొంగు తియ్యి."

రాజకుమారి తల అడ్డంగా ఊపింది.